మార్జాలముల మరుభూమి యాత్ర

ఇంటినే బండిగా కట్టించుకొని కేవలము విహారార్థము దేశాటనము చేసినవారిలో అగ్రగణ్యుడుగా ఆంగ్లేయులు పేర్కొనెడి డాక్టరు గోర్డన్ స్టేబుల్స్, అంతకు పూర్వమే పిల్లులను గురించి ఒక పెద్ద గ్రంథమును వ్రాసినవాడనియు, పిల్లుల ప్రదర్శనములకు న్యాయనిర్ణేతగా కూర్చుండినవాడనియు ఇటీవల చదివినప్పుడు నాకు కలిగిన ఆనందము ఇంతంత కాదు. ఆ ఆనందము తీరకమునుపే దానికి తోకవంటి మరియొక సంగతి తెలియవచ్చెను. 1885లో ఆయన తన బండిలో వెంట తీసికొనిపోయినది ఒక కుక్కను, ఒక చిలుకజాతి పక్షిని, పిల్లిని కాదు! నేడు అమెరికా ఎడారులలో మోటార్‌హోమ్‌ల కిటికీలయొద్ద పిల్లులు దర్జాగా పవ్వళించియుండగా, ఆ విహారమునకు దారి చూపిన మార్జాలపండితుడు మాత్రము మార్జాలము లేకయే ఎట్లు బయలుదేరెనో విచారింపవలెనని బుద్ధి పుట్టినది.

మనలో పిల్లికి ప్రయాణములతో గల సంబంధము శకునమువరకే. బయలుదేరునప్పుడు ఎదురువచ్చెనా, గడప దాటిన కాలు వెనుకకు తీసికొని, కాళ్ళు కడుగుకొని, మంచినీళ్ళు పుచ్చుకొని, కొంతసేపు కూర్చుండినగాని మరల కదలని పెద్దలను మనమందరము ఎరుగుదుము. అయినను పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని కనిపెట్టి చెప్పినవారును ఆ పెద్దలే. చరిత్ర ఈ రెండవ మాటనే బలపరచుచున్నది. సైప్రస్ ద్వీపమున షిల్లూరోకాంబోస్ అను చోట సుమారు 9,500 ఏండ్లనాటి మానవసమాధి ప్రక్కనే, బుద్ధిపూర్వకముగా పూడ్చిపెట్టిన పిల్లి అస్థిపంజరము బయల్పడినట్లు ఫ్రెంచి పురావస్తుశాస్త్రజ్ఞులు 2004లో ప్రకటించిరి. ఆ దీవిలో స్వతస్సిద్ధముగా పిల్లిజాతి లేదు. కావున ఎవరో దానిని పడవనెక్కించి సముద్రము దాటించియుండవలెను. అనగా నరమార్జాల సహవాసమునకు దొరికిన ప్రాచీన సాక్ష్యములలో ఒకటి ప్రయాణసాక్ష్యమే.

ఇక ఎడారి మాట. ప్రపంచమునందలి పెంపుడు పిల్లులన్నియు పశ్చిమాసియా అడవిపిల్లి సంతతివేయని 2007లో జన్యుశాస్త్రజ్ఞులు తేల్చిరి. నీరు కరవైన భూములలో ఎలుకలను పట్టి, ఆ మాంసమునందలి తేమతోనే దప్పిక తీర్చుకొన్న ఆ పూర్వీకుల గుణము మన వంటయింటి పిల్లికి నేటికిని పోలేదు; దాని మూత్రపిండములు మూత్రమును మిక్కిలి చిక్కబరచి నీటిని పొదుపు చేయును. సముద్రజలముతో సైతము పిల్లి దాహము తీర్చుకొనగలదని 1959లో అమెరికాలో ప్రయోగపూర్వకముగా చూపిరి. కావున ఎడారికి పోయిన పిల్లి పరదేశమునకు పోయినట్లు కాదు, పుట్టినింటికి పోయినట్లే.

తరువాతి వేలయేండ్లను ఒక్క అంగలో దాటెదను. ఈజిప్టువారు పిల్లిని పూజించిరి. నావికులు ఎలుకల బాధ పడలేక ఓడలలో పెంచిరి. అట్టివానిలో 1799లో ఓడమీదనే పుట్టిన ట్రిమ్ అను నల్లపిల్లి, మాథ్యూ ఫ్లిండర్స్ అను నావికునితో ఆస్ట్రేలియా ఖండమును చుట్టివచ్చి, ఆయన మారిషస్ దీవిలో ఫ్రెంచివారిచే నిర్బంధింపబడినప్పుడు అచ్చటనే అదృశ్యమయ్యెను. నిర్బంధములో నున్న ఆ యజమాని దానిని గూర్చి ఒక స్మృతివ్యాసమునే వ్రాసెను. పిల్లి ఇల్లు విడువదను వాదమునకు ట్రిమ్ విరోధి కాదు. అది పుట్టిన ఇల్లే ఓడ. ఇల్లు కదలినది గాని పిల్లి ఇల్లు విడువలేదు.

ఇచ్చట స్టేబుల్స్‌గారిని గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. నాలుగింటితో ఆగుదునని మాత్రము మాట ఇయ్యజాలను. స్కాట్లండున పుట్టి, విద్యార్థిదశలోనే తిమింగిలముల వేటయోడనెక్కి ఉత్తరధ్రువ సముద్రములను చూచివచ్చి, పిమ్మట నౌకాదళవైద్యుడై తూర్పు ఆఫ్రికా తీరమున బానిసల నెక్కించుకొనిపోవు ఓడలను వెన్నాడు నౌకలో పనిచేసి, ఆరోగ్యము చెడి కొలువు మాని, ఇంగ్లండున ట్వైఫర్డ్ గ్రామమున స్థిరపడి, బాలుర సాహసకథలు నూటికి పైగా వ్రాసిన ఈ మహానుభావునికి తన కొండసీమ వేషముపై ఎంత మక్కువయో జంతువులపైనను అంత మక్కువ. 1871 జూలై 13న లండనులోని క్రిస్టల్ పాలెస్‌నందు పిల్లుల ప్రదర్శనము జరిగినది మొదలు ఆ దేశమున మార్జాలములకు గౌరవము హెచ్చెను; ఆ దశకముననే ఆయన గ్రంథము వెలువడెను. పిల్లుల తెలివికిని విశ్వాసమునకును దృష్టాంతములుగా పాఠకులు పంపిన కథలను అందు చేర్చుటయే గాక, అవి కట్టుకథలని ఎవరైన శంకింతురేమోయని సాక్షుల పేళ్ళను, చిరునామాలను గ్రంథాంతమున అచ్చు వేయించెను! పిల్లి పక్షమున అంత శ్రద్ధగా సాక్షులను నిలిపిన న్యాయవాది మరియొకడుండడు.

జిప్సీల బండ్లను చూచి ముచ్చటపడి, అట్టి బండినే దొరతనముగా తనకొకటి చేయింపవలెనని ఆయన సంకల్పించెను. రైలుపెట్టెలు కట్టెడి బ్రిస్టల్ వాగన్ వర్క్స్ కంపెనీవారు మహాగని, మేపుల్ కలపలతో సుమారు పదునెనిమిదడుగుల పొడవును, రెండు టన్నుల బరువును గల బండిని నిర్మించియిచ్చిరి. దానికి 'వాండరర్' అని పేరు పెట్టి, రెండు గుఱ్ఱములను పూన్చి, బండివానిని, పరిచారకుని, హరికేన్ బాబ్ అను న్యూఫౌండ్‌లాండ్ కుక్కను వెంటనిడుకొని, ట్వైఫర్డ్ నుండి గ్రాంపియన్ పర్వతములమీదుగా ఉత్తరమున ఇన్వర్నెస్ వరకు సాగిపోయెను. పరిచారకుడు మూడుచక్రముల సైకిలుమీద ముందుగా పోయి, ఎదురువచ్చు బండ్లవారిని హెచ్చరించుచుండెను. గుఱ్ఱములు అలసినచోటనే విశ్రాంతి. బాట ప్రక్కన రైతులతో ముచ్చట్లు. బండి చుట్టును మూగిన పల్లెపిల్లల కేరింతలు. ఈ యాత్రను గూర్చిన ఆయన పుస్తకము 1886లో వెలువడెను. 1907లో ఇంగ్లండున కారవాన్ సంఘము ఏర్పడినప్పుడు ఆ వృద్ధునికి ఉపాధ్యక్షస్థానమునిచ్చి గౌరవించిరి.

మరి పిల్లి సంగతి? నా ఊహ యిది. రాత్రికొక పొలమున విడిది; తలుపులు బార్లా తెరచియుండును; కాలకృత్యములకు పిల్లి బయటికి పోవలసినదే. తెల్లవారి గుఱ్ఱములను కట్టువేళకు కుక్క పిలిచిన వచ్చును. పిల్లి ఆకలియైన వచ్చును. దానికొరకు రెండు గుఱ్ఱములను, ఇద్దరు మనుష్యులను ఎంతసేపు నిలుపగలరు?

ఈ చిక్కు విడుటకు అరువదేండ్లకు పైగా పట్టెను. విడదీసినవాడు యాత్రికుడును కాడు, మార్జాలపండితుడును కాడు. 1947లో చలికాలమున అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున, పిల్లి మలమూత్రములకై పెట్టెలో పోయు ఇసుక గడ్డకట్టిపోయినదని పొరుగింటి ఇల్లాలు వచ్చి అడుగగా, ఎడ్వర్డ్ లో అను యువకుడు కర్మాగారములలో నేలమీద ఒలికిన నూనెను పీల్చుటకై అమ్ముచున్న బంకమట్టి పలుకులను ఆమెకిచ్చెను. ఆ మట్టి తేమను, వాసనను పీల్చి ఇల్లంతయు శుభ్రముగా నుంచుటచే ఆమె మరల మరల అదే అడిగెను. లో దానిని సంచులకెత్తి 'కిట్టీ లిటర్' అను పేర అమ్మనారంభించెను. నాటితో పిల్లి అహోరాత్రములు నాలుగు గోడల నడుమనే నిశ్చింతగా ఉండగలుగుట సులభమయ్యెను; ఆ గోడలకు చక్రములున్నను దానికి చింత లేదు.

మోటారు ఇంటి చరిత్రను త్వరగా చెప్పుకొందము. 1910లో పియర్స్-యారో కంపెనీవారు వెనుక పీట పరుపుగా మారెడి విహారశకటమును న్యూయార్కున ప్రదర్శించిరి. 1915లో కాంక్లిన్ కుటుంబమువారు 'జిప్సీ వాన్' అను మహాశకటముపై న్యూయార్కు ప్రాంతమునుండి శాన్‌ఫ్రాన్సిస్కో చేరిరి. 1966 నుండి అయోవా రాష్ట్రమున విన్నెబాగో కర్మాగారము ఈ ఇండ్లను వరుసగా తయారుచేయ మొదలిడగా, ధనికుల ముచ్చట పింఛనుదారుల అందుబాటులోనికి వచ్చెను.

అట్టివారి ఎడారి రాజధాని ఆరిజోనాలోని క్వార్ట్‌సైట్. వేసవిలో నలువది అయిదు డిగ్రీలు దాటి మండు ఆ నేల శీతకాలమున సుఖావాసమగును. 1983 నుండి ప్రభుత్వము సెప్టెంబరు 15 మొదలు ఏప్రిల్ 15 వరకు దీర్ఘకాలనివాసమునకు అనుమతినిచ్చుచున్న లా పోసా మైదానమున చక్రముల ఇండ్లు బారులు తీరును. పిల్లి గలవారి జాగ్రత్తలు వేరు. చోటు కొరకు వెలుపలికి జరిపిన ఇంటి ప్రక్కగోడను మరల లోనికి లాగునప్పుడు పిల్లి అందు చిక్కుకొన్నదేమోయని చూచుకొనవలెను. శీతలయంత్రము ఆగినచో క్షణములలో కాగిపోవు బండిలో దానిని విడువరాదు. కయోటీలు, గుడ్లగూబలు, గిలక్కాయ పాములు తిరుగు చోట పట్టీ వేసి త్రాడు పట్టుకొనక దింపరాదు. దిగినను చోల్లా అను జెముడుమొక్క ముండ్లు పాదములలో దిగబడును. పిల్లి సాధారణముగా కిటికీతోనే తృప్తిపడును. మైళ్ళకొలది ఇసుక నడుమ, కొని తెచ్చిన మట్టిసంచితో జీవించు ఈ ఎడారిబిడ్డను చూచి దాని పూర్వీకులేమందురో!

ఈ సౌఖ్యమునకు ఇచ్చిన మూల్యము కొంత కలదు. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో చెన్నపట్టణమునుండి పరివారముతో కాశికి పోయి, మరుసటి యేట సెప్టెంబరున తిరిగివచ్చి, మజిలీ మజిలీకి నీటివసతిని, జనుల తీరును వ్రాసిపెట్టిరి. బాట వారికి అడుగడుగున అక్కరకు వచ్చినది. స్టేబుల్స్‌కును అంతే. నేటి చక్రముల ఇంటివారికి బాటతో అక్కర తీరినది. నీరు తొట్టిలో నున్నది, వెలుగు కప్పుమీది సౌరఫలకములనుండి వచ్చుచున్నది, తలుపు మూసియున్నది. ఇల్లు వెంటనున్నచో పిల్లి ఎంత దూరమైనను వచ్చును, నిజమే. కాని ఇల్లంతయు వెంటనుండుటచే మనుష్యుడును పిల్లివలెనే అద్దమువెనుకనుండి దేశమును చూచుటకు అలవాటుపడుచున్నాడు. దానికి ఆ చూపు చాలును. మనకు చాలదని నా మనవి.

క్వార్ట్‌సైట్ శ్మశానమున ఒక రాతి పిరమిడ్ కలదు. దాని శిఖరమున రాగి ఒంటె బొమ్మ. 1856లో అమెరికా సైన్యము ఎడారిలో సామగ్రి మోయించుటకై ఒంటెలను తెప్పించినప్పుడు వానితో వచ్చి, 'హై జాలీ'గా పేరుపొంది 1902లో అచ్చటనే కన్నుమూసిన హాజీ అలీ సమాధి అది. కంచరగాడిదలను తోలువారికి ఒంటెలు గిట్టకపోవుట చేతను, అంతర్యుద్ధము వచ్చుట చేతను ఆ ప్రయత్నము మూలబడెను. శాసనసభ ధనమిచ్చి పిలిపించిన ఒంటె నిలువలేదు. ఎవ్వరును పిలువని పిల్లి ఏటేట వచ్చి ఆరునెలలు కాపురము చేసి పోవుచున్నది. ఆ ఒంటెకు ప్రక్కగా మరియొక బొమ్మ నిలుపదలచువారు ఎవరైన నన్ను చందా అడిగినచో సంతోషముతో ఇత్తును. కాని బొమ్మలో పిల్లి చెంత 1947 నాటి మట్టిసంచియు ఉండి తీరవలెను.