భుజాన తుపాకీ కనిపిస్తే భయమెందుకు?

మన బోగోలు బజార్లో ఎవరైనా భుజాన తుపాకీతో నడిస్తే పోలీసో, బ్యాంకు గార్డో అనుకుంటాం. కాదని తెలిస్తే భయపడతాం. ఎందుకలా?

1878లో బ్రిటిష్‌వాళ్ళు ఆయుధాల చట్టం తెచ్చారు. మనవాళ్ళకి లైసెన్సు తప్పనిసరి, తెల్లదొరలకి మినహాయింపు. దాంతో తుపాకీ దొరతనానికి గుర్తయింది. అందుకే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి తుపాకులు పట్టుకెళితే జనం వీరుడన్నారు. 1931లో కరాచీ కాంగ్రెస్, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకోవడం పౌరుడి హక్కేనంది!

మరి స్వతంత్రం వచ్చాక? రాజ్యాంగ సభలో కామత్ అదే హక్కు అడిగితే అంబేద్కర్ ఒప్పుకోలేదు. 19వ అధికరణం గుమిగూడే హక్కిచ్చింది, కానీ ఆయుధాలు లేకుండా. ఎదుటోడి చేతిలో తుపాకీ ఉంటే మనం నోరు విప్పగలమా? ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లో పెట్టించేదీ అందుకే. ఆలోచించండి!