రంగు దాటిన ఆడవాళ్ళు

అమెరికా నల్లజాతి సాహిత్యంలో తరచు వినిపించే 'పాసింగ్' అన్న మాటకు 'చెలామణి' కంటే మంచి తెలుగు నాకు తోచడం లేదు. నల్లజాతి మూలాలుండి, చూపుకు తెల్లగా ఉన్న మనిషి తెల్లవాళ్ళలో చెలామణి కావడం. అయితే ఇందులో నకిలీ ఏదైనా ఉంటే అది మనిషిది కాదు, లెక్కది. 1920 జనాభా లెక్కల్లో ఉన్న 'ములాటో' గడిని 1930లో ఎత్తేశారు. నల్లజాతి రక్తం ఎంత స్వల్పంగా ఉన్నా నీగ్రోగానే రాయాలని గణకులకు ఆదేశమిచ్చారు. మాతృభాష గడి దగ్గర కలం ఆపి మన ముఖంలోకి చూసే ఉద్యోగిని ఎరిగిన మనకు ఇది కొంత అర్థమవుతుంది. కానీ పోలిక అక్కడితో ఆపాలి. ఇంటిభాష దాచుకున్నవాడి పెళ్ళిని మన దగ్గర ఏ కోర్టూ కొట్టెయ్యదు. వర్జీనియాలాంటి రాష్ట్రాల్లో తెలుపు నలుపుల మధ్య పెళ్ళి 1967 దాకా నేరమే.

న్యూయార్కులో అలాంటి చట్టం లేదు. అయినా 1924లో రైన్‌లాండర్ అనే కోటీశ్వరుల ఇంటి కుర్రవాడు ఇళ్ళలో పనిచేసే ఆలిస్ జోన్స్‌ను పెళ్ళాడి, కుటుంబం ఒత్తిడి మీద, ఆమె తన రంగు దాచి మోసం చేసిందని దావా వేశాడు. 1925లో విచారణ. ఆమె ఒంటిని చూసినవాడికి రంగు తెలియకుండా ఎలా ఉంటుందని ఆమె తరఫు వకీలు వాదించాడు. రుజువు కోసం, అందరూ మగవాళ్ళే ఉన్న జ్యూరీ ముందు ఆమె దుస్తులు కొంతవరకు తీయించాడు. ఆలిస్ గెలిచింది, పెళ్ళి నిలిచింది. విచారణ మొత్తంలో ఆమె సాక్ష్యం మాత్రం లేదు. ఈ గెలుపును ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నెల్లా లార్సెన్ 1929లో రాసిన 'పాసింగ్' నవలలో ఈ కేసు ప్రస్తావన ఉంది. జేమ్స్ వెల్డన్ జాన్సన్ 1912 నవలలోని పేరులేని కథానాయకుడికి రంగు దాటడమంటే ప్రధానంగా వ్యాపారం, డబ్బు, భద్రత. లార్సెన్ క్లేర్‌కు అది కడుపులోకి వస్తుంది. బిడ్డ ఏ రంగులో పుడుతుందోనని తొమ్మిది నెలలూ భయపడింది కనుక ఇంకో బిడ్డ వద్దంటుంది. నల్లవాళ్ళంటే గిట్టని ఆమె మొగుడు, సంగతి తెలియకుండానే, ముద్దుగా పిలిచే పేరు ఒక నల్లజాతి తిట్టు. మగవాడికి దాచవలసింది గతం, ఆడదానికి రాబోయే బిడ్డ కూడా. నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం క్లేర్ కాదు, ఆమె స్నేహితురాలు ఐరీన్. నల్లజాతి అభ్యున్నతి సభలకు కష్టపడే ఈ గౌరవనీయురాలు షికాగో పెద్ద హోటల్లో టీ తాగడానికి తానూ తెల్లదానిలాగే కూర్చుంటుంది. చివర క్లేర్ కిటికీలోంచి పడిందా, ఐరీన్ తోసిందా, లార్సెన్ చెప్పదు.

సినిమా వాళ్ళకు ఇంత ధైర్యం లేదు. ఫానీ హర్స్ట్ నవల 'ఇమిటేషన్ ఆఫ్ లైఫ్'ను 1934లో తీసినప్పుడు, తల్లిని కాదని వెళ్ళే కూతురుగా ఫ్రెడీ వాషింగ్టన్ నటించింది. తెల్లగా కనిపించే నల్లపిల్ల ఉందంటే ఎక్కడో జాతుల కలయిక జరిగినట్టేనని సెన్సారు కార్యాలయం నసిగింది. ఆమె బయట ఏనాడూ తెల్లదాన్నని చెప్పుకోలేదు. 1933లో పాల్ రోబ్సన్ సరసన నటించినప్పుడు తెల్లపిల్ల అనుకుంటారని ఆమెకు ముదురు రంగు పూశారు! 1949లో 'పింకీ' వచ్చేసరికి ఆ పాత్రే తెల్ల నటి జీన్ క్రెయిన్‌కు వెళ్ళింది. 1959లో డగ్లస్ సర్క్ మళ్ళీ తీసిన 'ఇమిటేషన్'లోనూ కూతురి వేషం నల్లజాతి నటికి దక్కలేదు.

లార్సెన్ ఈ నవల తర్వాత మరో నవల ప్రచురించలేదు. నర్సుగా పనిచేసి 1964లో పోయింది. 'పాసింగ్' తెరకెక్కడానికి 2021 దాకా పట్టింది. తీసిన రెబెకా హాల్ తల్లివైపు తాత డెట్రాయిట్‌లో తెల్లవాడిగా చెలామణి అయినవాడే. ఈసారి ఐరీన్, క్లేర్ పాత్రలు రెండూ నల్లజాతి మూలాలున్న నటీమణులే వేశారు.