తిరుగు ప్రయాణంలో దొరికినది

1921లో ఆక్స్‌ఫర్డ్‌లో బ్రిటిష్ సామ్రాజ్యపు విశ్వవిద్యాలయాల మహాసభ జరిగింది. కలకత్తా విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర ఆచార్యుడు సి.వి. రామన్‌ని తన ప్రతినిధిగా పంపింది. విదేశం వెళ్ళడం ఆయనకదే మొదటిసారి.

ఆ సభలో ఏం మాట్లాడుకున్నారో ఇవాళ ఎవరికీ పట్టదు. చరిత్రలో నిలిచింది తిరుగు ప్రయాణం. నార్కుండా ఓడ మధ్యధరా సముద్రంలో వస్తుంటే ఆ నీలం రామన్‌ని ఆకట్టుకుంది. విశాఖపట్నంలో చదువుకున్నవాడు, సముద్రం కొత్తేమీ కాదు. సముద్రపు నీలం ఆకాశపు ప్రతిబింబమేనని లార్డ్ రేలీ వంటి ఉద్దండుడు అప్పటికే చెప్పి ఉన్నాడు. రామన్ తన వెంట ఉన్న నికోల్ పట్టకంతో ఆ ప్రతిబింబపు వెలుగును అడ్డుకుని చూశాడు. నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. అంటే, నీటి అణువులే కాంతిని చెదరగొట్టి ఆ రంగు తెస్తున్నాయన్నమాట! ఆ సంగతి అదే ఏడు 'నేచర్' పత్రికలో అచ్చయింది. ఆ దారినే సాగిన పరిశోధన 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితాన్నీ, 1930లో నోబెల్ బహుమతినీ తెచ్చింది.

ఇక్కడ అమెరికాలో పరిశోధన చేస్తున్న మన పిల్లలు కొందరు, సదస్సులకి దారిఖర్చుల కోసం పెట్టుకునే దరఖాస్తులు నాకు చూపిస్తుంటారు. 'ఈ ప్రయాణం వల్ల ప్రయోజనమేమిటి?' అని ఒక గడి ఉంటుంది. డబ్బిచ్చేవారు అడగడం న్యాయమే. కానీ, సముద్రం రంగు చూసొస్తానని రామన్ ఆ గడిలో రాసి ఉంటే ఎవరైనా పైసా ఇచ్చేవారా?

దరఖాస్తులు పరిశీలించే పెద్దలకి నా మనవి ఒకటే. ఆ గడి చదవండి, అందులో పట్టనిదానికీ కాస్త చోటుంచండి.