నరసింహ శతకం (ధర్మపురి)

ధర్మపురి లక్ష్మీనరసింహస్వామిని సంబోధిస్తూ శేషప్ప కవి రాసిన తెలుగు భక్తి శతకం. కవి సుమారు 18వ శతాబ్దికి చెందినవాడు. ధర్మపురి గోదావరి ఒడ్డున ఉన్న పుణ్యక్షేత్రం. 2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది.

రూపం: సీస పద్యాలు. ప్రతి పద్యం చివరి రెండు పాదాలు మకుటం. అందులో ధర్మపురి పేరు వినిపిస్తుంది.

భక్తి స్వరూపం: కవి మొదటే తన కొరతలు చెప్పుకుంటాడు. ఛందస్సు లక్షణాలు, పంచకావ్యాలు, అమరకోశం, శాస్త్రాలు తాను చదవలేదనీ, ఈ రచన స్వామి కటాక్షమే కానీ తన ప్రజ్ఞ కాదనీ అంటాడు. శ్రీవైష్ణవ సంప్రదాయం ఇలా భగవంతుని ముందు తన తక్కువతనాన్ని తలచుకోవడాన్ని నైచ్యానుసంధానం అంటుంది. శరణాగతి ఆరు అంగాల్లో కార్పణ్యం దీనికి దగ్గరిది.

మరో పద్యంలో చివరి గడియ గురించిన భయం ఉంది. మరణవేళ కఫవాతపిత్తాలు కమ్ముకుంటే నామం నోట రాదేమోనన్న శంకతో, ఒంట్లో సత్తువ ఉండగానే భజన చేస్తానంటాడు. కూడబెట్టిన ధనం వెంట రాదని లోభులను హెచ్చరిస్తాడు. అడవి పక్షులకు, మృగాలకు తిండి పెట్టేదెవరని అడిగి, పోషణ భారం దైవానిదేనన్న నమ్మకం చాటుతాడు.

ప్రాచుర్యం: వాడుకకు దగ్గరైన భాష వల్ల ఈ శతకం పండితులను దాటి సామాన్యులకు చేరింది. తెలుగు పాఠ్యపుస్తకాల్లోనూ దీని పద్యాలు చోటు చేసుకున్నాయి.