పట్నంలో పై జిల్లాల బస

హైదరాబాదులో బాటసారుల బస గురించి రాసేవాళ్లు దాదాపు ఒకే వరుస చెబుతారు: కుతుబ్‌షాహీల సరాయిలు, ఆసఫ్‌జాహీల ముసాఫిర్‌ఖానాలు, తర్వాత లాడ్జీలు, చివరికి ప్యాలెస్ హోటళ్లు. ఇది కట్టడాల చరిత్రే తప్ప బస చరిత్ర కాదు. గోల్కొండ దాపున షేక్‌పేట సరాయి, మచిలీపట్నం దారిలో హయాత్‌నగర్ మసీదు చుట్టూ ఉన్న గదులు ప్రధానంగా దూరదేశపు సరుకు బేరం కోసం లేచినవి. పదిహేడో శతాబ్దంలో ఇక్కడికొచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే కూడా పరదేశి వర్తకుల కళ్లతోనే ఊరిని చూశాడు. నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి కోర్టు పనికో చదువుకో వచ్చిన మనిషి రాత్రి ఎక్కడ తలదాచుకున్నాడో ఆ వరుసలో దొరకదు.

ఆ సంగతి తేలాలంటే 1900 నుంచి 1948 దాకా ఉన్న కాలాన్ని తరచి చూడాలి. నాంపల్లి స్టేషన్ 1907లో, కాచిగూడ స్టేషన్ 1916లో వచ్చాయి. కాచిగూడ నుంచి మీటర్ గేజి బండ్లు పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు నడిచాయి. నల్లగొండ పట్టణానికి మాత్రం నిజాం పాలనలో రైలే లేదు. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ పుట్టినా, రాజ్యం మొత్తానికి తొలుత దించినవి 27 బస్సులు. కాబట్టి పట్నం వచ్చిన చాలామందికి అదే రోజు ఇల్లు చేరడం కుదరని పని. 1919లో నాంపల్లి స్టేషన్‌కు ఎదురుగా ఏడో నిజాం సరాయి కట్టించాడు గనుక బస సమస్య తీరిందని కొందరి వాదన. సరాయి నీడనిస్తుంది, ఒకటి రెండు రాత్రులు గడుస్తాయి. కానీ ఎవరి వంట ఎవరు తింటారన్నది కులం తేల్చిన రోజుల్లో, పై ఊరివాడికి మంచం కంటే ముందు కావలసింది నమ్మకంగా కూర్చుని తినే బంతి. నెలల తరబడి ఉండాల్సిన విద్యార్థికైతే అది మరీ అవసరం. సరాయిలు ఆ అవసరం తీర్చేవి కావు.

తీర్చినవి హాస్టళ్లు. వనపర్తి ప్రాంతంలోని రాయణిపేటలో పుట్టి నగర కొత్వాలు దాకా ఎదిగిన రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో రెడ్డి హాస్టల్ మొదలైంది. సంస్థానాధీశులు, దేశ్‌ముఖులు విరాళాలిచ్చారు. నల్లగొండ జిల్లా బొల్లేపల్లి నుంచి వచ్చిన రావి నారాయణరెడ్డి ఇక్కడే ఉండి చదివాడు. పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1920లలో దీని బాధ్యతలు చూస్తూనే 1926లో గోలకొండ పత్రిక ప్రారంభించాడు. హాస్టల్ విద్యార్థుల వసతి కదా, దాన్ని బాటసారి బసతో ఎలా ముడిపెడతారని అడగవచ్చు. అభ్యంతరం సబబైనదే. కోర్టు పని మీద వచ్చినవాడికి రెడ్డి హాస్టల్ గది ఇవ్వలేదు. అయితే ఊరి నుంచి వచ్చినవాడికి పడకా భోజనమూ ఒకే చోట, తెలిసినవాళ్ల మధ్య దొరకాలన్న పద్ధతి పట్నంలో సంస్థగా నిలిచింది హాస్టళ్లలోనే. అంతకుముందు ఆ పని బంధువుల ఇళ్లు, పెద్దల బంగళాలు చేసేవి.

ఈ కథను గొప్పగా చెప్పి వదిలేస్తే మళ్లీ తప్పే. కులం పేరుతో పంచిన నీడ కులం దాకానే ఆగింది. విరాళాలిచ్చే దేశ్‌ముఖులు లేని కులాలకు, ముఖ్యంగా దళితులకు, ఆ రోజుల్లో పట్నంలో ఇలాంటి చోటు దొరకడం ఎంత కష్టమో ఊహించడం కష్టం కాదు. తర్వాత ప్రభుత్వ సంక్షేమ వసతి గృహాలు ఆ లోటును కొంత పూడ్చాయి, అదీ విద్యార్థులకే. పని కోసం వచ్చిన పాలమూరు కూలీకి నగరం ఇచ్చిన బస, తాను కడుతున్న భవనం పక్కన వేసుకున్న డేరా. బస చరిత్రలు రాసేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోకపోవడం చిన్న లోపమేమీ కాదు.

ఇప్పుడు చారిత్రక బస అంటే ఫలక్‌నుమా గుర్తొస్తుంది. 2010లో అది తాజ్ హోటల్‌గా తెరుచుకుంది. కట్టడం బతికిందంటే సంతోషమే, శిథిలమయ్యే దానికంటే హోటలే నయం. కానీ పైగా ప్రభువుల ఈ మహలు నిజాం అతిథి గృహమైనా, తాజ్ హోటలైనా, పై జిల్లాల బాటసారికి ఎప్పుడూ బస కాలేదు. దాన్ని పట్నపు ఆతిథ్య సంప్రదాయానికి ప్రతినిధిగా చూపడం ఒప్పుకోలేను. సాదాసీదా ప్రయాణికుడి కోసమే కట్టిన నాంపల్లి సరాయి మాత్రం దశాబ్దాలుగా శిథిలమవుతూ వచ్చింది. బాగుచేస్తామన్న మాటలు చాలాసార్లు వినిపించాయి. బాగుచేస్తే అందులో ఖరీదైన కాఫీ దుకాణాలు పెట్టకండి. ఆసుపత్రి పనికో, ఉద్యోగ పరీక్షకో నాగర్‌కర్నూలు నుంచో దేవరకొండ నుంచో వచ్చినవాళ్లు తక్కువ ధరకు పడుకుని, పొద్దున టిఫిన్ తిని వెళ్లే గదులు పెట్టండి.