వెన్నెముక – యంత్రహస్తము



నేటి నా ప్రసంగ విషయము వెన్నెముక శస్త్రచికిత్స చరిత్ర. ప్రాచీన ఈజిప్టు వైద్యునితో మొదలై నేటి యంత్రహస్తము వఱకు సాగిన కథ ఇది. యంత్రహస్తమనగా ఇప్పుడందఱును రోబో అని పిలుచునదే. ఈ కథ నాకెందుకు పట్టినదో ముందు రెండు మాటలలో మనవి చేసెదను.

మాది జహీరాబాదు దాపున ఒక పల్లె. ఈ తాలూకా 1956 వఱకు బీదరు జిల్లాలో ఉండెను. పిమ్మట మెదకు జిల్లాలో చేరెను. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. జిల్లాలు మాఱినను చెఱకు మోత మాఱలేదు. మా మేనమామ నలువది యేండ్లు చెఱకు నఱికి, కట్టలు నెత్తిన పెట్టి బండి కెక్కించినవాడు. అరువది దాటిన పిమ్మట ఆయన నడక తడబడజొచ్చెను. చొక్కా గుండీలు పెట్టుకొనుట కష్టమయ్యెను. "ముద్ద చేతిల నిలుస్తలేదు బిడ్డా" అని ఒకనాడు నాతో అనెను. నడుములో కొంచెము నొప్పి తప్ప వేఱు బాధ లేదు. మేము వాతమనుకొని నూనె మర్దన చేయించితిమి. పిమ్మట పట్టణములో ఒక ఆసుపత్రికి తీసికొనిపోగా, వారు నడుము చిత్రము తీసి, రోబో సాయముతో నడుమునకు శస్త్రచికిత్స చేసెదమనిరి. ఎకరము పొలమమ్మి సొమ్ము కట్టితిమి. బిగించిన మరమేకులు చక్కగా కుదిరినవి. నడక మాత్రము కుదురలేదు. ఎనిమిది నెలల తరువాత వేఱొక వైద్యుడు మోకాలిపై చిన్న సుత్తితో తట్టి చూచి, మెడ చిత్రము తీయించెను. నరము నలిగినది నడుములో కాదు, మెడలో.

అంత సూక్ష్మమైన యంత్రముండియు పని తప్పుచోట ఎట్లు జరిగినదను ప్రశ్న అప్పటినుండి నన్ను విడువలేదు. దానికి సమాధానము వెదకుచు నేను చదివినదియు, వైద్యులనడిగి తెలిసికొనినదియు మీ ముందుంచుచున్నాను.

వెన్నెముక ఒక్క ఎముక కాదు. మెడలో ఏడు, రొమ్ము వెనుక పండ్రెండు, నడుములో అయిదు పూసలు ఒకదానిపై నొకటి పేర్చబడి యుండును. క్రింద త్రికము, దాని కొనలో అనుత్రికము కలవు. పూసకును పూసకును నడుమ మెత్తని బిళ్ల యుండును. పూసల వెనుకనున్న సొరంగములో మెదడునుండి దిగివచ్చు వెన్నుపాము చిటికెన వ్రేలంత లావున సాగి, నడుము పైభాగముననే ముగియును. దాని దిగువ నుండునవి నరముల పాయలు. కావున నడుములో నరము నలిగినచో సాధారణముగా కాలు లాగును, తిమ్మిరి యెక్కును. మెడలో వెన్నుపాము నలిగినచో చేతులును కాళ్లును రెండును చెడును. నొప్పి ఏమాత్రము లేకయు ఉండవచ్చును. ఈ భేదమును గుర్తుంచుకొనుడు.

ఇక చరిత్ర. ఈజిప్టు దేశమున 1862లో ఎడ్విన్ స్మిత్ అను అమెరికా వర్తకుడు ఒక ప్రాచీన వైద్యగ్రంథమును కొనెను. జమ్ముకాగితముపై వ్రాసిన ఆ ప్రతి సుమారు 3,600 సంవత్సరముల నాటిది. అందులో 48 మంది రోగుల వృత్తాంతములు కలవు. ప్రతి రోగిని పరీక్షించిన పిమ్మట వైద్యుడు మూడు తీర్పులలో ఒకటి చెప్పవలెను: నయము చేయగలను, పోరాడి చూచెదను, ఇది చికిత్సకు లొంగదు. మెడపూస తొలగి కాలుచేతులు పడిపోయినవానికి మూడవ తీర్పే వ్రాయబడినది. ఆ వైద్యుని చేతిలో కత్తి యుండెను గాని, అతడు దానిని ఎత్తలేదు. ఎక్కడ ఆగవలెనో ఎఱుగుటయు వైద్యమే అని ఆనాడే తెలిసియుండెను.

వేల యేండ్లు ఆ తీర్పు మాఱలేదు. అది మాఱుటకు రెండు వస్తువులు కావలసివచ్చెను: రోగికి బాధ తెలియకుండ చేయు మందు ఒకటి, లోపలి యెముక కనబడు వెలుగు ఒకటి. మొదటిదాని కథలో మన హైదరాబాదునకు పెద్ద పాత్ర కలదు.

1847లో ఎడింబరో నగరమున జేమ్స్ సింప్సన్ క్లోరోఫారము గుణమును లోకమునకు చాటెను. రోగి నిద్రించును, కోత తెలియదు. కాని కొందఱు ఆ నిద్రనుండి లేవలేదు. ముందాగునది ఊపిరియా, గుండెయా అని వైద్యులలో వాదము పుట్టెను. హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా నుండిన ఎడ్వర్డ్ లారీ దీనిని తేల్చ బూనెను. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము వ్యయము భరింపగా, 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు పరిశోధన సంఘములు మన నగరమున కూర్చుండెను. లండను వైద్యపత్రిక లాన్సెట్టు పక్షమున లాడర్ బ్రంటన్ అను వైద్యుడు ఓడ యెక్కి వచ్చెను. వందలాది జంతువులపై ప్రయోగములు జరిగినవి. ముందాగునది ఊపిరియే, దానిని కనిపెట్టి యుండిన చాలు, గుండెకు భయము లేదు అని సంఘము తేల్చెను.

ఊపిరిని కనిపెట్టి యుండవలెనను మాట మంచిదే. కాని గుండెకు భయము లేదనుట నిలువలేదు. క్లోరోఫారము గుండెను నేరుగా ఆపగలదని 1911లో ఇంగ్లండు వైద్యుడు గుడ్మన్ లెవీ నిరూపించెను. మన నగరపు కీర్తిని తగ్గించుటకు నేనిది చెప్పుటలేదు. గొప్ప పరిశోధన సహితము తాను చూచినదే సర్వమనుకొన్నచో తప్పుదారి పట్టునని చెప్పుచున్నాను. ఈ పాఠము రోబో కథలో మరల వచ్చును.

రెండవది వెలుగు. 1895 నవంబరులో జర్మనీ దేశమున రాంట్జెన్ ఎక్స్‌రే కిరణములను కనుగొనెను. చర్మము కోయకయే ఎముక కనబడెను. 1911లో న్యూయార్కు నగరమున హిబ్స్, ఆల్బీ అను వైద్యులిద్దఱు, ఎవరిమట్టుకు వారే, క్షయ తగిలి కూలుచున్న వెన్నుపూసలను ఒకదానితో నొకటి అతుకు విధానమును ప్రకటించిరి. 1934లో బోస్టను వైద్యులు మిక్స్టర్, బార్ అనువారు, పూసల నడిమి బిళ్ల చిట్లి బయటికుబికి నరమును నొక్కుటవలననే కాలులాగుడు వచ్చునని చూపి, ఆ ముక్కను తీసివేసిరి. 1960ల దశకములో పారిస్ నగరమున రాయ్ కమీల్ పూసలలో మరమేకులు దింపి, వానిని లోహపు పట్టీలతో బిగించెను.

ఇక్కడనే కష్టము మొదలైనది. పూస వెనుకభాగమును ముందుభాగముతో కలుపు రెండు ఎముక కంబములు కలవు. మరమేకు వాని గుండనే పోవలెను. రొమ్ము వెనుక కొన్ని పూసలలో ఆ కంబము వెడల్పు అయిదాఱు మిల్లీమీటర్లకు మించదు. ఒక ప్రక్కకు తప్పిన వెన్నుపాము, ఇంకొక ప్రక్కకు తప్పిన పెద్ద రక్తనాళములు. మెడలో నయితే మెదడునకు రక్తము కొనిపోవు నాళము ప్రక్కననే యుండును. ఆరితేరిన వైద్యుడు చేతి అనుభవముతో దింపును. చేయి ఎంత మంచిదైనను అప్పుడప్పుడు తప్పును.

రోబో అను పదము చెక్ దేశపు రచయిత కారెల్ చాపెక్ 1920లో వ్రాసిన నాటకమునుండి పుట్టినది. దాని మూలమైన రొబోటా అను చెక్ మాటకు మన తెలంగాణలో సరియైన పేరు వెట్టి. దొర గడీ ముందు వెట్టి చేసిన ముత్తాతలను ఎఱిగిన మీకు ఈ మాట వేఱుగా వివరింపనక్కఱలేదు. వెట్టివాడు చెప్పిన పని చేయును. ఆ పని సరియో కాదో అడుగడు. రోబో స్వభావమును ఇంతకంటె చక్కగా తెలుపు మాట లేదు.

1985లో కాలిఫోర్నియాలో కర్మాగారములకై చేసిన ఒక యంత్రహస్తమును మెదడులోనికి సూదిని గుఱిపెట్టి నడుపుటకు వాడిరి. వెన్నెముక కొఱకే ప్రత్యేకముగా ఇజ్రాయిలు దేశపు హైఫా సాంకేతిక విద్యాలయ ఆచార్యుడు మోషే షోహాము బృందము చేసిన చిన్న యంత్రమునకు 2004లో అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతి లభించెను. తరువాత పెద్దవియు, మఱింత నిపుణమైనవియు వచ్చినవి.

ఇది పనిచేయు విధము వినుడు. ముందుగా రోగి వెన్నెముకను సి.టి. యంత్రముతో పొరలు పొరలుగా చిత్రింతురు. ఏ పూసలో ఏ మరమేకు ఏ కోణమున దింపవలెనో వైద్యుడు కంప్యూటరుపై గీయును. శస్త్రచికిత్స నాడు రోగి యెముకకు ఒక గుఱుతు బిగింతురు. దాని ఆధారమున యంత్రహస్తము సరియైన చోటికి జరిగి, ఒక గొట్టమును కదలక పట్టుకొని నిలుచును. ఆ గొట్టము గుండ తొలిచి మరమేకు దించువాడు సాధారణముగా వైద్యుడే. యంత్రము తనంతట తాను కోయదు. 2023లో హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో ప్రారంభమైన రోబో వేఱు జాతిది. అక్కడ వైద్యుడు కొంత ఎడముగా కూర్చుండి ఉదరాదుల చికిత్సకై దాని చేతులను కదలించును.

ఎముకకు బిగించిన ఆ గుఱుతు మన హద్దురాయి వంటిది. గొలుసు ఎంత సరియైనదైనను, ఎవడైన హద్దురాయిని జానెడు జరిపినచో పొలమంతయు తప్పుగనే కొలువబడును. గొలుసునకు ఆ సంగతి తెలియదు. అట్లే గుఱుతు కదలిన, గొట్టము ఎముక వాలుపై జాఱిన, యంత్రము నిశ్చింతగా తప్పుచోటు చూపును.

ఇది ఊహ కాదు. 2012లో జర్మనీ వైద్యులు అరువదిమంది రోగులను చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి పరీక్షించిరి. వట్టి చేతితో దింపిన మరమేకులలో నూటికి 93 సరిగా కుదిరినవి. రోబోతో 85 మాత్రమే. అందఱును ఆశ్చర్యపడిరి. యంత్రములు మెఱుగుపడిన పిమ్మట 2019లో బీజింగు వైద్యులు ప్రకటించిన పరీక్షలో లెక్క తిరుగబడినది: రోబోతో నూటికి 95 మరమేకులు కొంచెమైనను తప్పక దిగినవి, చేతితో 86. కావున రోబో మోసమనుట అన్యాయము. రోబో తప్పదనుట లారీగారి సంఘము చేసిన పొరబాటే. మరమేకు చక్కగా దిగినదా అనునది ఒక లెక్క. రోగి మరల పొలమునకు నడిచిపోయెనా అనునది వేఱొక లెక్క. మా మేనమామ విషయమున మొదటిది నూటికి నూఱు, రెండవది సున్న.

మన నేలలో వెన్నెముక చరిత్ర చెప్పుచు నల్లగొండను విడువరాదు. నీటిలోని ఫ్లోరైడు ఎముకలను వంచునని మన దేశమున 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెలనుండి షార్టు మున్నగు వైద్యులు ప్రకటించిరి. 1955లో సిద్దీఖీ అను హైదరాబాదు వైద్యుడు నల్లగొండ రోగులను గుఱించి వ్రాసెను. వెన్నుపాము సొరంగము ఇఱుకై కాళ్లు పడిపోయినవారికి డాక్టర్ డి. రాజారెడ్డి మున్నగు హైదరాబాదు నరశస్త్రవైద్యులు రాతివలె గట్టిపడిన ఎముకను తొలిచి చికిత్స చేసిరి. కొందఱికి మేలు కలిగెను. కాని క్రొత్తగా పిల్లలు వంగకుండ కాపాడగలది కత్తి కాదు, మంచినీరు. 1970ల దశకములో నాగపూరు పరిశోధనాలయమువారు పటికయు సున్నమును కలిపి నీటిని శుద్ధి చేయు పద్ధతిని రూపొందించిరి. దానికి నల్లగొండ పేరే పెట్టిరి. మన ప్రాంతపు వెన్నెముకలకు జరిగిన మహోపకారము ఆ నీటి కుండలో జరిగినది.

ఇప్పుడు నా ప్రశ్నకు సమాధానము. యంత్రము గుఱి తప్పక కొట్టగలదు. ఎక్కడ గుఱి పెట్టవలెనో చెప్పలేదు. అసలు కొట్టవలెనో వద్దో అంతకంటె చెప్పలేదు. అది రోగి మాట వినుటచేతను, నడిపించి చూచుటచేతను, చిన్న సుత్తితో తట్టుటచేతను తెలియవలసినది.

మేనమామకు మెడ శస్త్రచికిత్స చేసిరి. క్రిందికి జాఱుచున్న బలము అక్కడికి ఆగినది. పోయినది పూర్తిగా రాలేదు. ఎనిమిది నెలలు ఆలస్యమైనదని వైద్యుడు చెప్పెను. ఆయన నేటికిని కఱ్ఱ పట్టుకొనియే నడచుచున్నాడు. ముద్ద మాత్రము నిలుచుచున్నది.

మీ ఊరిలో పదిమంది మీ మాట విందురు. అందుచేత ఈ సంగతులు మీకు అప్పగించుచున్నాను. నడుమునొప్పి, కాలులాగుడు చాలమందికి కొన్ని వారములలో కత్తి లేకయే తగ్గును. అట్టివారిని పొలమమ్మ తొందరపడనీయకుడు. కాని చేతిపనులు తప్పుచు నడక తూలుచున్నను, పాదము పైకి లేవకున్నను, మలమూత్రములు వశము తప్పినను, కూర్చుండు చోట స్పర్శ పోయినను ఒక్కదినమైనను ఆగనీయకుడు. శస్త్రచికిత్స చేసెదమన్న వైద్యుని, రోబో ఉన్నదా అని మొదట అడుగకుడు. నలిగినది ఎక్కడ, ఆ చోటే యని ఎట్లు తెలిసినది, చేయకున్న ఏమగును అని అడుగుడు. ఈ మూడింటికి తృప్తియైన సమాధానము వచ్చిన పిమ్మట దించు చేయి మనిషిదైనను సరే, దారిచూపు చేయి యంత్రముదైనను సరే. సెలవు.