వల్లకాటి గేటు దగ్గర ఆగిన కుక్క

పోయిన పెద్దల అమావాస్య నాడు చిన్నాయన ఎప్పట్లాగే టెంకాయ, అగరబత్తీలు, నాయనకు ఇష్టమైన నిప్పట్లు సంచిలో పెట్టుకొని వల్లకాటికి బయలుదేరినాడు. వెనకే మా కర్రోడు. వాడికిప్పుడు పదకొండేళ్ళు, వెనక కాళ్ళు సరిగ్గా సాగవు. అయినా ఆ దారి పట్టగానే ముందు నడుస్తాడు. నాయన పోయినప్పటి నుంచీ నెలకోసారి ఇద్దరూ పోతారు. చిన్నాయన సమాధి కడిగి దీపం పెట్టేదాకా వాడు పక్కనే పడుకొని ఉంటాడు.

ఆ రోజు గేటు దగ్గరే ఆపేసినారు. కొత్తగా ప్రహరీ కట్టి, ఇనుప గేటు పెట్టి, పచ్చ పెయింటు మీద తెల్లక్షరాలతో రాసినారు: నాయిగళిగె ప్రవేశవిల్ల. కుక్కలకు ప్రవేశం లేదు. కాపలా ఆయన మాకు తెలిసినవాడే. "ఏం చేసేది సార్, కమిటీ వాళ్ళు చెప్పినారు" అన్నాడు. చిన్నాయన గొడవ పడలేదు. కర్రోణ్ణి గేటుకు కట్టేసి లోపలికి పోయొచ్చినాడు. కానీ ఆ పొద్దు అన్నం సరిగ్గా తినలేదు.

ఫ్యామిలీ గ్రూపులో ఈ సంగతి పెట్టగానే మూడు రోజులు వాదన. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు ఒకటన్నాడు, మదనపల్లెలో ఉన్న మేనత్త ఇంకొకటన్నది. "వల్లకాట్లో కుక్కేందిరా, పెద్దలు చూస్తే ఏమనుకుంటారు" అని ఆమె మాట. ఆ పెద్దలు నిజంగా ఏమనుకొనేవాళ్ళో చూద్దామని నేను కొంచెం వెనక్కి పోయి వెతికినాను. దొరికింది మీ అందరికీ చెప్పాలనిపించి ఇది రాస్తున్నా.

ముందు మా చోటు సంగతి. ఎలక్ట్రానిక్ సిటీ అంటే ఇప్పుడు అందరికీ ఫ్లైఓవరు, అద్దాల మేడలు. 1978లో కియోనిక్స్ సంస్థ కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు ఊళ్ళ దగ్గర 332 ఎకరాల్లో దీన్ని మొదలుపెట్టినప్పుడు చుట్టూ రాగి చేలు, చెరువులు, నీలగిరి తోపులు. మా తాత మదనపల్లె నుంచి వచ్చి హొసూరు రోడ్డు పక్క పల్లెలో ఇల్లు కట్టుకున్నది ఆ కాలంలోనే. ఆనేకల్, హొసూరు వైపు తెలుగు మాట్లాడే ఇళ్ళు అప్పటికే తరాలుగా ఉన్నాయి కాబట్టి పరాయి ఊరనిపించలేదని అనేవాడు. మాలో కాల్చడం లేదు, పూడ్చడమే. తాత, అవ్వ, నాయన ముగ్గురూ ఇక్కడే ఉన్నారు. మదనపల్లె వైపు మాకిప్పుడు పొలం లేదు, ఇల్లు లేదు. మా వాళ్ళ మన్ను అంటే ఈ ప్రహరీ లోపల ఉన్నదే.

అప్పట్లో ఆ చోటికి గోడ లేదు. కానుగ చెట్లు, లంటానా పొదలు, మధ్యలో కాలిబాట. మేకలు మేసేవి, కుక్కలు తిరిగేవి. మరి మేనత్త అన్నమాట ఎక్కడి నుంచి వచ్చింది? ఊరికే వచ్చింది కాదు. పాత కాలంలో గుంత తవ్వేది చేతులతో. రాతి నేలైతే మూడడుగులకే గడ్డపార మొండికేస్తుంది. వానాకాలంలో మన్ను కుంగుతుంది. పసిబిడ్డల్ని కాల్చే ఇళ్ళల్లో కూడా కాల్చకుండా పూడుస్తారు, అదీ చిన్న గుంతలోనే. అందుకే పూడ్చిన చోట ముళ్ళకంప కప్పి, పెద్ద రాళ్ళు పెట్టేవాళ్ళు. అది అలంకారం కాదు, కుక్కలు, నక్కలు తవ్వకుండా. కరువులు, కలరాలు చూసిన తరానికి ఆ భయం కళ్ళారా చూసినది. "కుక్కచావు" అనే తిట్టు మన భాషలో అంత బరువుగా ఎందుకుందో ఆలోచించండి. దిక్కులేకుండా పోవడం, పోయినాక మట్టి కూడా దక్కకపోవడం, రెండూ అందులో ఉన్నాయి. కాబట్టి మేనత్తను చాదస్తం అని నేను అనను.

అయితే ఇంకొకటి కూడా మా ఇంట్లోనే జరిగింది. తాత పోయిన మూడోనాడు పాలు పోయడానికి వెళ్ళినాము. ఆయనకిష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరంగా నిలబడి కాకి కోసం చూస్తున్నాము. అరగంటైనా కాకి రాలేదు. తాత పెంచిన కుక్క ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చి, విస్తరి వైపు చూడకుండా మట్టి మీదికెక్కి పడుకొనింది. ఇద్దరు రాయి తీసుకున్నారు. అవ్వ అడ్డం పోయి, "దాన్ని కొట్టొద్దండి, అది కూడా మూణ్ణాళ్ళ నుంచీ ఏమీ తినలేదు" అన్నది. తర్వాత కాకి వచ్చింది. వచ్చినప్పుడు కుక్క అక్కడే ఉంది.

అవ్వకు చదువు లేదు గానీ భారతం హరికథల్లో విన్నది. ఆ కథ మొదలవడమే ఒక కుక్క దెబ్బలు తినడంతో. కురుక్షేత్రంలో జనమేజయుడు సత్రయాగం చేస్తుంటే దేవలోకపు కుక్క సరమ కొడుకు అక్కడికొస్తాడు. రాజు తమ్ముళ్ళు కొట్టి తరుముతారు. సరమ వచ్చి అడుగుతుంది: నా బిడ్డ హవిస్సును నాకలేదు, దానివైపు చూడనైనా చూడలేదు, ఎందుకు కొట్టినారు? వాళ్ళ దగ్గర జవాబు లేదు. తప్పు చేయనివాణ్ణి కొట్టినందుకు మీకు కనబడని భయం వచ్చి పడుతుందని చెప్పి పోతుంది. నన్నయగారు ఆదిపర్వంలో తెలుగు చేసిన కథే ఇది. ఇక చివర, తిక్కనగారి వంతులో, ధర్మరాజు వెంట హిమాలయం దాకా వచ్చిన కుక్క. కుక్కతో వచ్చేవాళ్ళకు స్వర్గంలో చోటు లేదంటాడు ఇంద్రుడు. మా ఊరి బోర్డు మీద రాసిందీ అదే మాట. నమ్ముకొని వచ్చినదాన్ని వదిలి నేను రానంటాడు ధర్మరాజు. ఆ కుక్క యమధర్మరాజే అని తర్వాత తేలుతుంది. కానీ "రాను" అన్నప్పుడు ఆయనకు ఆ సంగతి తెలియదు, అది మనం మరిచిపోకూడదు.

యముడి దగ్గర కుక్కలు ఉండడం ఇంకా పాత మాట. ఋగ్వేదం పదో మండలంలో పోయినవాళ్ళు నడిచే దారిని కాసే రెండు కుక్కలు వస్తాయి, నాలుగు కళ్ళవి, సరమ బిడ్డలు. పోయినవాణ్ణి వాటికి అప్పగించి కాపాడమని యముణ్ణి అడుగుతారు. పార్సీలైతే శవాన్ని కుక్క చేత చూపించడం ఒక కర్మగానే పెట్టుకున్నారు, సగ్‌దీద్ అంటారు. శ్మశానాన్ని కాసే కాలభైరవుడి వాహనం ఏమిటో చెప్పనక్కర్లేదు. కామారెడ్డి జిల్లా ఇసన్నపల్లిలో ఆయన గుడికి పోయొచ్చిన వాళ్ళు మనలో చాలామంది ఉంటారు.

ఇవన్నీ పురాణాలు, మన ఊరికేమిటి సంబంధం అని డల్లాస్ తమ్ముడు అడిగినాడు. ఉంది. కస్తూర్బా రోడ్డులో ఎర్ర రంగు పాత మ్యూజియం చూసే ఉంటారు, విశ్వేశ్వరయ్య మ్యూజియం పక్కనే. పిల్లల్ని ఎప్పుడూ ఆ పక్కదానికే తీసుకుపోతాం. ఈ పాతదానిలో ఒక రాయి ఉంది. మండ్య జిల్లా ఆతకూరు నుంచి తెచ్చినది. దాని మీద ఒక కుక్క, ఒక అడవిపంది కలబడి పోరాడుతుంటాయి. చుట్టూ పాత కన్నడంలో శాసనం. శక సంవత్సరం 872, అంటే మన లెక్కలో 949-50.

కథ ఇది. రాష్ట్రకూట రాజు మూడో కృష్ణుడు చోళుల మీదికి పోయినాడు. ఆయనకు తోడు గంగరాజు రెండో బూతుగుడు. తక్కోలం దగ్గర, ఇప్పటి అరక్కోణానికి దగ్గర్లో, యుద్ధం జరిగి చోళ యువరాజు రాజాదిత్యుడు ఏనుగు మీదే చచ్చిపోయినాడు. ఆ యుద్ధంలో బూతుగుడి కొలువులోని మణలేరుడు అనే వీరుడు బాగా పోరాడినాడు. ఏం కావాలో కోరుకో అన్నారు. ఊరు అడగొచ్చు, బంగారం అడగొచ్చు. అతను బూతుగుడి దగ్గరున్న కాళి అనే వేటకుక్కను అడిగినాడు. ఇచ్చినారు. తర్వాత కెళలె నాడులో ఒక గుట్ట మీద పెద్ద అడవిపంది మీదికి కాళిని వదిలితే, రెండూ ఒకదాన్నొకటి చంపుకొని చచ్చినాయి. మణలేరుడు ఆతకూరులో చెల్లేశ్వరుడి గుడి ముందర కాళికి రాయి నిలబెట్టించినాడు. అంతటితో ఆగలేదు. దాని పూజకు భూమి రాసిచ్చినాడు. ఆ భూమి అనుభవించే గొరవడు, అంటే శైవ పూజారి, రాయికి పూజ చేయకుండా అన్నం తింటే పాపం తగులుతుందని కూడా చెక్కించినాడు.

గుడి ముందర అని మళ్ళీ గమనించండి. ఊరి బయట కాదు, పొలం గట్టున కాదు. మనిషి వీరుడికి ఏ మర్యాద చేసేవాళ్ళో అదే మర్యాద. పక్కనే నిలబడి ఉంటుంది ఇంకో రాయి, మన బేగూరుది. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి పది కిలోమీటర్ల లోపే బేగూరు. గంగరాజు ఎరెయప్ప కాలంలో నాగత్తరుడు అనే సేనాని వీరమహేంద్రుడి సైన్యంతో పోరాడి చచ్చిన సంగతి అందులో ఉంది. వీరమహేంద్రుడు నొళంబుల వాడు, వాళ్ళ రాజధాని హేమావతి ఇప్పుడు ఆంధ్రలోనే, మడకశిర పక్కన. బెంగళూరు అనే పేరు మొదటగా కనబడే శాసనం కూడా బేగూరు గుడిలోనే ఉంది, సుమారు 890 నాటిది. అదీ ఒకడు "బెంగళూరు కాళగం"లో చనిపోయిన సంగతే. ఈ ఊరి పేరు మనకు మొదట దొరికిందే ఒక చావు రాతిలో అన్నమాట. అలాంటి నేల మీద, బేగూరు వీరుడి రాయీ కాళి రాయీ ఇప్పుడు ఒకే కప్పు కింద ఉన్నాయి. కాళి ఒక్కటే కాదు. తమిళనాడులో తిరువణ్ణామలై జిల్లా ఎడుత్తనూరులో పల్లవ మహేంద్రవర్మ కాలపు వీరగల్లు ఒకటుంది, ఏడో శతాబ్దిది. పశువుల దొంగల్ని ఎదిరించిన కోవివన్ అనే కుక్క, దాని యజమాని పక్కన చెక్కి ఉంటుంది.

ఇక బయట దేశాల్లో ఉన్న మనవాళ్ళ కోసం. ఎడిన్‌బరోలో గ్రేఫ్రయర్స్ బాబీ కథ మీకు తెలిసే ఉంటుంది. 1858లో యజమాని చనిపోతే ఆ చిన్న కుక్క 1872 దాకా సమాధి దగ్గరే తిరిగిందంటారు. అంతా నిజం కాదని వాదించిన చరిత్రకారులూ ఉన్నారు, దాన్ని వదిలేద్దాం. నాకు ఆసక్తిగా అనిపించింది వేరే. అంత పేరున్న కుక్కను కూడా సమాధుల మధ్య పూడ్చలేదు, పవిత్రం చేసిన నేల కాని చోట, గేటు దగ్గర పూడ్చినారు. వాషింగ్టన్‌లో ఇంకో వింత. నది ఒక ఒడ్డున ఆర్లింగ్టన్ సైనిక శ్మశానం, సహాయక కుక్కలు తప్ప మరే పెంపుడు జంతువూ రాకూడదు. ఇవతలి ఒడ్డున 1807 నాటి కాంగ్రెషనల్ సిమెట్రీ. అది గడ్డి పెరిగి, రాళ్ళు కూలి, 1997లో అమెరికాలో పాడైపోతున్న చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. దాన్ని నిలబెట్టినవాళ్ళలో ముఖ్యులు అక్కడ కుక్కల్ని తిప్పే చుట్టుపక్కల జనం. సంఘం పెట్టుకొని, ఏటా డబ్బు కట్టి, గడ్డి కోయించి, రోజూ అక్కడ నడవడంతో దొంగలూ తాగుబోతులూ తగ్గినారు. ఇప్పుడు ఆ సంఘంలో చేరాలంటే వెయిటింగ్ లిస్టు. మా తమ్ముడి వాదన కంటే ఈ ఒక్క సంగతి నాకు బలంగా కనబడింది.

చట్టం సంగతి క్లుప్తంగా. 2023 నిబంధనల ప్రకారం వీధికుక్కకు ఆపరేషను చేసి పట్టిన చోటే వదలాలి. 2025 నవంబరులో సుప్రీంకోర్టు బళ్ళు, ఆసుపత్రులు, ఆటస్థలాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి వాటిని తీసేయమంది. ఆ వరసలో వల్లకాడు లేదు. కాబట్టి మన దగ్గర ఇది కమిటీ చేతిలో ఉన్న పనే.

నా మాట చెప్తాను. పెద్దల భయం గుంత లోతు గురించి, గోడ గురించి. ఇప్పుడు గుంత జేసీబీ తవ్వుతుంది, పైన సిమెంటు బిళ్ళ పడుతుంది, ప్రహరీ వచ్చింది. ముళ్ళకంప వేసే అవసరం పోయింది, బోర్డు మాత్రం ఇప్పుడొచ్చింది. వీధిగుంపును లోపలికి వదలమని నేను అనను. అక్కడ ఒంటరిగా వచ్చే ముసలమ్మలు ఉంటారు, కుక్కంటే ప్రాణం పోయేవాళ్ళుంటారు. ఎవరినైనా పూడ్చే రోజు, మూడోనాడు, పెద్దల అమావాస్య రద్దీలో కూడా వద్దు. ఆ లెక్కన ఆ రోజు కాపలా ఆయన చేసింది తప్పు కాదని చిన్నాయనకు చెప్తే ఒప్పుకున్నాడు, కొంచెం కష్టంగానే. మిగతా రోజుల్లో గొలుసుతో, ఇంటివాళ్ళతో వచ్చే కుక్కను ఆపడానికి నాకు కారణం కనబడలేదు. సరమ అడిగిన ప్రశ్నకు కమిటీ దగ్గర జవాబుంటే వింటాను.

మేనత్తకు కాళి కథ ఫోన్లో చదివి వినిపించినాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి మీ అవ్వ ఆ పొద్దు రాయి పట్టుకున్నవాళ్ళకు అడ్డం పోయింది కదా, అందులో ఒకటి నా చేతిలోదేరా" అన్నది.

కమిటీకి అర్జీ కన్నడంలో రాసినాము. మా కుటుంబంతో పాటు ఆ వీధి వాళ్ళు పధ్నాలుగు మంది సంతకం పెట్టినారు, మేనత్త కూడా మదనపల్లె నుంచి వచ్చినప్పుడు పెట్టిపోయింది. జవాబు ఇంకా రాలేదు. అంతవరకూ చిన్నాయన వెంట నేనూ పోతున్నా. ఆయన లోపల దీపం పెట్టేటప్పుడు నేను బయట కర్రోడి గొలుసు పట్టుకొని ఉంటా. వాడు గేటు కమ్మీల మధ్య మూతి పెట్టి లోపలికి చూస్తుంటాడు. ఆయన రాగానే లేచి, ఇంటిదారి పడతాడు.